మీసాలున్న గంగమ్మకు సీటు



మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు తిరుపతి మగవాళ్ళు మొక్కుకుని చీరలు కట్టుకుంటారు. కథ మీకు తెలిసిందే. ఆడవాళ్ళను చెరుస్తున్న పాలెగాణ్ణి అవిలాల గంగమ్మ రోజుకో వేషంలో వెతికి, చివరికి దొర వేషంలో తల నరికింది.

2024 జాతరప్పుడు చంద్రగిరి నుంచి బస్సులో వస్తున్నాను. ‘స్త్రీలకు’ అని రాసిన సీట్లో ఒక పెద్దమనిషి. ఎంతమంది ఆడవాళ్ళు నిలబడినా కదల్లేదు. దారిలో మీసాల గంగమ్మ ఎక్కితే మాత్రం లేచి దండం పెట్టి చోటిచ్చాడు. తెల్లారకముందే లేచి ఆ గంగమ్మకు కుచ్చిళ్ళు సర్ది, జడ వేసి, గాజులు తొడిగి ఉంటుంది భార్య. ఆమె చంకలో బిడ్డతో కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. నేను చూస్తే నవ్వి, “ఈ వారం ఆయనే గదక్కా అమ్మవారు” అంది.

మా పక్కింటి కుర్రాడికి నా చీరే కట్టాను. పది నిమిషాలకే, “అత్తా, దీంట్లో దుడ్లు యాడ పెట్టుకుంటారు?” అన్నాడు. కొంగున ముడేసుకోమన్నాను. (ఆస్తిహక్కు మీద నేను చదివిన పేపర్లలో ఇంత సూటి ప్రశ్న లేదు.) సాయంత్రం చీర తిరిగిస్తూ చెప్పాడు: గుంపులో ఎవడో గిల్లాడట. వీడు తిరిగి చూస్తే, “మొగోడివా? తెలీలేదన్నా, ఏమనుకోవద్దు” అని చేతులు జోడించాడట.

ఆ మాట మనలో ఎవరికైనా ఎప్పుడైనా దక్కిందా? దక్కినవాళ్ళు చేతులెత్తండి.