మనోవైద్యుల చిట్టా

మన గ్రామములలో 1984వ సంవత్సరము వరకు కరణములుండిరి. కరణము అరుగుమీద కూర్చుండి లెక్కలు వ్రాయుచున్నప్పుడు, ఆయన ఊరక కాలము గడపుచున్నాడని ఎవరును అనలేదు. వర్తకుడు రాత్రి దుకాణము కట్టివేయుటకు ముందు చిట్టా వ్రాసికొనుటయు, చిట్టాలోని పద్దులను ఆవర్జాకెక్కించుటయు మనమెరిగినదే. ఆ వ్రాత వ్యాపారములోని భాగమే కాని వ్యాపారమునకు అడ్డు కాదు. అయినను వైద్యుడొకడు రోగిని పంపివైచి, తలుపు మూసికొని వ్రాయుచుండెనేని, బయట బల్లమీద వేచియున్న మనకు మాత్రము ఓర్పు చాలదు. అట్లు ఓర్పు చాలనివారిలో నేనును ఒకడను. ఆ పది నిమిషముల వ్రాతను గూర్చియే ఈనాడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

నేను చెప్పునది మనోవైద్యులను గూర్చి; అందులోను మాటలచేత చికిత్స చేయువారిని గూర్చి. దీనిని పట్టణములలో కౌన్సెలింగు అనియు, సైకోథెరపీ అనియు అందురు. ఇది భూతవైద్యము కాదు, పురాణకాలక్షేపమును కాదు. ఈ విద్యలో శిక్షణ పొందినవారు రోగిని ఎదుట కూర్చుండబెట్టుకొని, ముప్పావుగంటయో గంటయో అతని మాట విందురు, తగిన ప్రశ్నలడుగుదురు, మనసునకు పట్టిన చిక్కును అతనిచేతనే విప్పింతురు. రోగి వెడలిన పిదప ఆనాటి సంగతి కొన్ని పంక్తులలో వ్రాసియుంచుదురు. ఆ వ్రాతకు ప్రోగ్రెస్ నోట్సు అని పేరు. మేము బడిలో పిల్లల తండ్రులకు పంపిన ప్రోగ్రెసు కార్డు మీకు గుర్తునకు రావచ్చును గాని, ఇందులో మార్కులుండవు.

అష్టాంగహృదయమున వాగ్భటుడు రోగిని పరీక్షించుటకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మూడు మార్గములు చెప్పియున్నాడు. జ్వరము వచ్చినవానికి నాడి యున్నది, వేడిని కొలుచు గాజుగొట్టమున్నది. ఎముక విరిగినవానికి ఎక్సురే పటమున్నది. పదేండ్లకు తీసి చూచినను అది అట్లే యుండును. మనోవ్యాధికి ఇట్టివేవియు లేవు. స్పర్శనమునకు అందదు, దర్శనము కొంత, ప్రశ్నము అధికము. ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానము గాలిలో కలిసిపోవు మాట. వ్రాసినచో నిలుచును, వ్రాయనిచో పోవును.

ఇక మా ఇంటి సంగతి చెప్పెదను. నా తమ్ముడు వ్యవసాయదారుడు. ఇది చెప్పుటకు అతని అనుమతి తీసికొంటిని. పేరు మాత్రము వలదనెను. కొన్నియేండ్ల క్రిందట అతని భార్య కాలము చేసెను. పెద్దకర్మ ముగిసి చుట్టములు వెడలిపోయిన తరువాత అతడు క్రమముగా మాట తగ్గించెను. నిద్ర పోయెను, ఆకలి పోయెను. మిరపతోటకు నీరు పెట్టవలెనన్న తలంపు కూడ లేకపోయెను. నేను పట్టణములోని యొక ఆసుపత్రికి తీసికొనిపోతిని. అచ్చటి కౌన్సెలరు మంచివాడు. నాలుగు వారములు ఓపికతో వినెను. తమ్ముని ముఖమున కొంత తేట కనబడెను. అయిదవ వారము మేము పోవుసరికి ఆయనకు బదిలీ యయ్యెను. ఆ స్థానమునకు వచ్చినాయన కాగితములు తిరుగవేసెను. నాలుగు వారములకు నాలుగు పంక్తులు, నాలుగును ఒక్కటే. రోగి చెప్పినది వింటిమి, ధైర్యము చెప్పితిమి, మరల రావలెను. ఇంతియే. పాపము, ఆయన చేయునదేమి? "మీ బాధ యేమి? మొదటినుండి చెప్పుడు" అనెను. తమ్ముడు లేచి నిలుచుండి, "ఒకమారు చెప్పితిని బాబూ. ఆమెను మరల కాటికి మోయలేను" అని బయటికి వచ్చివైచెను. అటుపిమ్మట ఎనిమిది నెలలు ఏ వైద్యుని గడపయు త్రొక్కలేదు.

నేనప్పుడు తమ్మునిమీద కోపించితిని. తప్పు ఎక్కడ నున్నదో నాకు తెలియలేదు.

మా పెద్దకోడలి పట్టుదలవలన మరుసటియేడు వేరొక ఆసుపత్రికి పోతిమి. అచ్చట ఒక చిన్నది, ముప్పదియేండ్లు దాటియుండవు, కౌన్సెలరుగా నుండెను. ముప్పావుగంట తమ్మునితో మాటలాడెను. అతడు బయటికి వచ్చిన తరువాత తలుపు మూసికొనెను. పది నిమిషములైనను తరువాతి రోగిని పిలువలేదు. బల్లమీద ఆరుగురు వేచియున్నారు. నేను గడియారము చూచుకొనుచు, మా ప్రక్కనున్న పెద్దమనిషితో, "ఈ కాలపు పిల్లలకు కాగితములమీద నున్న శ్రద్ధ మనుష్యులమీద లేదు" అంటిని. ఆయనయు తల యూచెను.

నాలుగవ వారమున జరిగినది వినుడు. అంతకుముందు మూడు వారములలోను నా తమ్ముడు మాటలమధ్య మూడు చిన్న సంగతులు చెప్పియుండెను. మొదటి వారము, ఎద్దుల జతను వెల పుచ్చుకొనకయే పొరుగువాని కిచ్చితి ననెను. రెండవ వారము, చేతి గడియారము మేనల్లునకు ఇచ్చితి ననెను. మూడవ వారము, పొలము దస్తావేజులు కూతురికి అప్పగించితి ననెను. ఈ మూడును నాకు తెలిసినవే. పైగా, నా తమ్మునికి వైరాగ్యము కలిగినదని బంధువులలో మెచ్చుకొంటిని. శతకములు నలుబదియేండ్లు పాఠము చెప్పినవానికి వైరాగ్యముకంటె వేరొకటి తోచలేదు.

ఆ యమ్మాయి నాలుగవ వారము తమ్ముని లోపలికి పిలుచుటకు ముందు తాను వ్రాసికొన్న మూడు వారముల పంక్తులను చదువుకొనెను. వేరువేరుగా చూచినచో మూడును దానములు. ఒకదానిక్రింద నొకటిగా తేదీలతో చూచినచో, ప్రయాణమునకు సిద్ధపడువాడు ఇల్లు సర్దుకొనుట వంటివి. ఆమె తమ్ముని సూటిగా అడిగెను: "మీకు చనిపోవలెనన్న తలంపు కలుగుచున్నదా?" అట్లడిగినచో లేని తలంపు పుట్టించినట్లగునని మనము భయపడుదుము. ఆ భయము సరికాదని ఈ శాస్త్రమెరిగినవారు చెప్పుదురు. తమ్ముడు చాలసేపు ఊరకుండి, మోటారు కొట్టములో పురుగుమందు దాచియుంచితి నని చెప్పెను. అతని యంగీకారముతోనే ఆమె నన్ను లోపలికి పిలిచెను. ఆ సాయంకాలమే నేనును నా కుమారుడును పోయి ఆ డబ్బా తీసివైచితిమి. మానసిక వైద్యుడు ఆనాడే మందులును ప్రారంభించెను. మీ ఇండ్లలో ఎవరికైనను ఇట్టి తలంపులున్నచో జాగు చేయవలదు. ప్రభుత్వమువారి టెలిమానస్ అను సహాయకేంద్రమునకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఇది 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైనది, రుసుము లేదు.

తరువాత నొకనాడు నేనామెతో నా తప్పు ఒప్పుకొంటిని. "అమ్మా, నీవు తలుపు మూసికొని వ్రాయుచుంటే రోగుల కాలమును హరించుచున్నావనుకొంటిని" అంటిని. ఆమె నవ్వి, "మాస్టారూ, ఇక్కడ చాలమందియు అట్లే అనుకొందురు" అనెను. ఈ వ్రాతను గూర్చి ఆమె నాకు చెప్పినవి, నేను తరువాత చదివి తెలిసికొన్నవి కొన్ని మీకు చెప్పెదను.

ఇది నిన్న పుట్టిన పద్ధతి కాదు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో నలుబది యిద్దరు రోగుల వృత్తాంతములున్నవి. ఏ దినమున జ్వరము హెచ్చినది, ఏ దినమున నిద్ర లేదు, ఏ దినమున మాట తడబడినది అని దినముల లెక్కతో వ్రాసియున్నవి. వారిలో అనేకులు మరణించిరి, దానిని దాచలేదు. 1968లో అమెరికా దేశపు వైద్యుడు లారెన్స్ వీడ్ ఒక వ్యాసమున ఈ వ్రాతకు క్రమమును బోధించెను. ఆ క్రమమునుండి వచ్చిన నాలుగు భాగములనే నేటికిని అనేకులు అనుసరింతురు: రోగి తాను చెప్పినది, వైద్యుడు తన కంటితో చూచినది, ఆ రెంటినిబట్టి వైద్యుని నిర్ణయము, ఇక చేయవలసిన పని. తర్కశాస్త్రము చదివిన మన పండితులకు ఇది క్రొత్త కాదు. ప్రత్యక్షమును అనుమానమును కలిపివేయరాదని మన గురువులు చెవి మెలిపెట్టి చెప్పియుండిరి.

ఎప్పుడు వ్రాయవలెను అన్నదే చిక్కు. మనోవిశ్లేషణమునకు ఆద్యుడైన ఫ్రాయిడు 1912లో తోటి వైద్యులకు చెప్పిన సలహాలలో, రోగి మాటలాడుచుండగా వ్రాసికొనుట తగదనెను. వ్రాయువాని మనసులో కొంత వ్రాతకు కట్టుబడిపోవును; పైగా తనకు తెలియకయే కొన్నిటిని ఏరుకొని కొన్నిటిని వదలివేయును. తాను పని ముగిసిన పిదప సాయంకాలమున జ్ఞాపకమునుండి వ్రాయుదు ననెను. ఈ మాట మా యమ్మాయితో చెప్పగా, "నాకు ఆయన జ్ఞాపకశక్తి లేదు మాస్టారూ. సాయంకాలము వరకు ఆపినచో ఒకరి కన్నీరు మరియొకరి కాగితములో పడును" అనెను. ఏడుగురి సంగతులు ఒక్కమారు తలచుకొనుటకు పట్టు కాలము, ఒక్కొక్కరిది అప్పటికప్పుడు వ్రాయుటకు పట్టు కాలముకంటె ఎక్కువయేనట. అందుచేత రోగి వెడలిన వెంటనే వ్రాయును. కథయంతయు వ్రాయదు. రోగి నోటినుండి వచ్చిన ముఖ్యమైన మాటను ఉన్నదున్నట్లు ఒకటి రెండు, తాను చేసినది, ప్రాణభయమున్నదో లేదో, వచ్చువారము దేనితో ఆరంభింపవలెనో. అరపుట దాటదు. పాశ్చాత్యదేశములలో గంటకు యాబది నిమిషములే రోగికిచ్చి, మిగిలిన పదియును ఇట్టి పనులకు విడుచు వాడుక చాల కాలమునుండి యున్నది.

ఇక్కడ నా సంగతి దాచుట న్యాయము కాదు. మేము బడిలో ప్రతిదినము పాఠముల డైరీ వ్రాయవలెను. తనిఖీకి అధికారి వచ్చుచున్నాడని తెలిసిన రాత్రి, లాంతరు వెలుతురున, రెండు వారముల డైరీ ఒక్క కూర్పున వ్రాసితిని. అందులో ఒక్క అక్షరదోషము లేదు. అధికారి మెచ్చుకొని సంతకము చేసెను. ఏ పిల్లవానికి సంధి పట్టుబడలేదో, ఏ పిల్లవాడు ఎందుకు ఏడ్చెనో అందులో ఒక్క ముక్క లేదు. అంత అందమైన వ్యర్థపు వ్రాత నేను మరి వ్రాయలేదు. తమ్ముని మొదటి ఆసుపత్రిలో కనబడిన నాలుగు పంక్తులు నా డైరీకి తోబుట్టువులు.

ఆ పది నిమిషములకు వెల లేకపోలేదు. ఆమె దినమునకు ఏడుగురిని చూచుచుండ, వ్రాతను విడిచినవారు తొమ్మిదిమందిని చూచుచుండిరి. పైవారు ఈ లెక్కను ఆమెకు పలుమారులు చూపిరట. లక్ష జనమునకు ఒక మానసిక వైద్యుడైనను లేని దేశము మనది. తిరిగిపోయిన ఆ ఇద్దరును ఎవరి తమ్ములో! దీనికి నాకు తృప్తికరమైన సమాధానము దొరకలేదు. కాని తొమ్మిదిమంది లెక్కలో మా వాడుండియుండినచో ఏమై యుండునో నాకు తెలియును. వైద్యుని వేళలలో వ్రాతకును పాలు కేటాయించి, దానిని పనిగానే లెక్కింపవలసినది ఆసుపత్రులవారు. ఇంటికి తీసికొనిపోయి అర్ధరాత్రి వ్రాయుమనుట, వ్రాయవద్దనుటతో సమానము.

ఇటీవల మాటలను విని తామే వ్రాసిపెట్టు యంత్రములు వచ్చినవి. అవి వచ్చిన తరువాత ఈ బాధ తీరునుగదా అని అడిగితిని. "వ్రాయుచున్నప్పుడే నాకు ఆలోచన తెగును. అది యంత్రము వ్రాసినచో నేనెప్పుడు ఆలోచింతును?" అని యామె తిరిగి నన్నే అడిగెను.

ఇంకొక్క సంగతి; ఇది పెద్దలైన మీకు ముఖ్యముగా చెప్పవలసినది. ఒకనాడు నేను, "మా వాని కాగితములు ఒకమారు చూపుమమ్మా, నేను అన్నను" అంటిని. ఆమె చూపలేదు. "మీ తమ్ముడుగారు ఒప్పుకొన్నచో చూపెదను" అనెను. నాకు చిన్నతనమనిపించినది. తరువాత తెలిసినది, చట్టమే అట్లున్నదని. 2017లో చేయబడి, 2018 మే 29వ తేదీన అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము రోగి సంగతులను వైద్యులు గోప్యముగా నుంచవలెను. తనను గూర్చిన ముఖ్యమైన వైద్యపత్రములను చూచుకొను హక్కు రోగిదే. చూచినచో అతని మనసునకు తీవ్రమైన హాని గాని, ఇతరులకు హాని గాని కలుగునన్న భాగమును మాత్రము వైద్యులు ఆపవచ్చును. అందువలన ఆమె ఎప్పుడును, రోగి చదివినను నొచ్చుకొనని మాటలనే వ్రాయునట. కోడలిమీద చాడీలు, పొరుగువాని పేర్లు, చికిత్సకు పనికిరాని గుట్లు అందులో నుండవు. దానివలనను వ్రాత కురుచయగును.

తమ్ముడిప్పుడు నెలకొకమారు పోవుచున్నాడు. ఈయేడు మరల మిరప వేసెను. క్రిందటి నెల ఆ యమ్మాయి సెలవులో నుండగా వేరొక యామె చూచెను. నేను బల్లమీద కూర్చుండి, మరల లేచి వచ్చునేమో అని భయపడుచుంటిని. ముప్పావుగంటకు బయటికి వచ్చెను. "మొదటినుండి అడిగినదా?" అంటిని. "లేదన్నయ్యా, మిరపకు తెగులు తగ్గినదా అని అడిగినది" అనెను. లోపల తలుపు మూసికొనెను. ప్రక్కనున్న ముసలాయన గడియారము చూచుకొని విసుగుకొనుచుండగా, తమ్ముడు ఆయనవైపు తిరిగి, "కొంచెము ఆగండి, నా పద్దు వ్రాయుచున్నది" అనెను.