పరపాలనలో ప్రజాసభ: గ్రీకు సమాఖ్యలు, మురియా దర్బారు



బస్తరు రాజవంశ మూలపురుషుడైన అన్నమదేవుడు ఓరుగల్లు ప్రతాపరుద్రుని తమ్ముడని ఆ వంశ సంప్రదాయము. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ నామము ఇంద్రావతీ తీరమున 20వ శతాబ్ది వరకు నిలిచెను. కావున జగదల్‌పురమున దసరాకు నేటికిని జరుగు మురియా దర్బారు తెలుగువారికి పరాయి విషయము కాదు. దాని విలువ గ్రహించుటకు రోము పాలనలోని గ్రీకు నగర సమాఖ్యలను తలచుట మేలు.

ఆసియా మైనరులోని లిసియా దేశమున 23 నగరములు కలిసి ఒక సభను నడపెడివి. పెద్ద నగరమునకు మూడు ఓట్లు, మధ్యమమునకు రెండు, తక్కిన వానికి ఒక్కొక్కటి. పన్నులును ఆ పాళ్లలోనే. యుద్ధము, సంధి పూర్వము ఆ సభయే నిర్ణయించెడిదనియు, తన కాలమున అవి రోమను అనుమతి లేనిదే సాగవనియు స్ట్రాబో వ్రాసెను. క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి లిసియాను రోమను రాష్ట్రముగా మార్చెను. అయినను సభ నిలిచెను.

ఇట్టి సభలకు ముఖ్యముగా మిగిలినవి రెండు: ఉత్సవము, విన్నపము. అవి స్వల్పములని తలపరాదు. క్రీ.శ. 23లో ఆసియా రాష్ట్రమువారు చక్రవర్తి ఆస్తులను చూచు లూసీలియస్ కాపిటోపై అభియోగము తెచ్చి, సెనేటులో నేరము రుజువు చేసిరి. ఆ కృతజ్ఞతచే అచ్చటి నగరములు టిబీరియస్ చక్రవర్తికిని, ఆయన తల్లికిని, సెనేటుకును ఆలయము కట్ట నిశ్చయించెను. పూజించు చేయియే ఫిర్యాదు పత్రమును పట్టినదన్నమాట.

బస్తరు కథయు ఇట్టిదే. 1876లో భైరమదేవుని కాలమున, దివానుయొక్కయు ఉద్యోగులయొక్కయు పీడనమునకు ఓర్వలేక మురియాలు జగదల్‌పురమును ముట్టడించిరి. సిరొంచ నుండి ఆంగ్లాధికారి సేనతో వచ్చి వారి మొర విని, ఆ ఉద్యోగులను తొలగించెను. ఆ యేటనే పరగణాల మాఝీలను, చాల్కీలను కూర్చి దర్బారు జరిపిరి. నాటినుండి అది దంతేశ్వరీదేవి దసరా ఉత్సవములో భాగమైనది. ఆ పండుగలోనే గిరిజనులు రాత్రివేళ రథమును కుమ్హడాకోట్‌కు తరలించుకొని పోవుదురు. రాజు అచ్చటికేగి, వారితో కొత్తబియ్యపు అన్నము భుజించిన గాని రథము మరలి రాదు. ప్రభువు ప్రజల చెంతకు పోవలెనను ధర్మము ఆ ఆచారమున దాగియున్నది.

అయితే విన్నపము వినువాడు లేనిచో సభ అలంకారమాత్రమే. అడవులను రిజర్వు చేయు ప్రయత్నము, వెట్టిచాకిరి ప్రజలను క్రుంగదీయగా, 1910లో మామిడికొమ్మయు ఎఱ్ఱమిరపకాయలును ఊరూర తిరిగెను. అదియే భూమకాల్ తిరుగుబాటు. సైన్యము దానిని అణచినది. కాని ప్రభుత్వము రిజర్వు చేయదలచిన అడవిని సుమారు సగమునకు తగ్గింపవలసి వచ్చెను. ముందే ఆ మాట విన్నచో ఎన్ని ప్రాణములు దక్కెడివో!

రాజ్యములు మారినవి. 1948లో బస్తరు భారతదేశమున విలీనమైనది. నేడు దర్బారులో మాఝీల మాటలు వినుటకు మంత్రులు, అధికారులు కూర్చుందురు. సభకు ప్రాణము పలుకువాని ధైర్యముననే కాదు, వినువాని శ్రద్ధయందును కలదు. ప్రభుత్వోద్యోగమున నున్నవారు ప్రత్యేకించి మరువరాని పాఠమిది.