జెల్లీ చేప ఎక్కడ పుడుతుంది?



మనది సముద్రం ఒడ్డు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్నో కుటుంబాలకు వలే అన్నం పెడుతుంది. ఆ వలలో చేపలతోపాటు గొడుగులాంటి మెత్తటి ప్రాణి కూడా పడుతుంది. అదే జెల్లీ చేప. పేరుకే చేప. దానికి ఎముక లేదు, గుండె లేదు, మెదడు లేదు. ఒళ్లంతా దాదాపు నీరే.

కొన్నాళ్లు ఒక్కటీ కనబడదు. కొన్నాళ్లు వల నిండా అవే. ఎందుకలాగ?

విత్తనం నేలలో పడి ఉంటుంది. అదను వస్తేనే మొలుస్తుంది. చాలా రకాల జెల్లీ చేపలదీ అలాంటి బతుకే. దాని పిల్ల ఈదుకుంటూ పోయి బండకో, గవ్వకో, నాచుకో అంటుకుంటుంది. పూమొగ్గలా అక్కడే ఉంటుంది. నీటి వేడి, ఉప్పు, మేత మారి అదను కుదిరితే, దాన్నుంచి చిన్న చిన్న గొడుగులు విడిపోతాయి. అవే పెరిగి గుంపులవుతాయి.

వానాకాలంలో వంశధార, నాగావళి ఒండ్రునీరు తెచ్చి సముద్రంలో కలుపుతాయి. ఆ ఒండ్రు సత్తువతో కంటికి ఆనని జీవులు పెరుగుతాయి. అవి జెల్లీ చేపలకు మేత. గాలి, నీటివాలు గుంపుల్ని ఒడ్డుకు తోస్తాయి.

ఇంగ్లండు వంటి చలిదేశాల సముద్రంలో ఇంకో రకం ఉంది. బొటనవేలంత ఉంటుంది. పెద్దదయ్యాక కూడా నాచునే పట్టుకుని బతుకుతుంది. నాచు పోతే దానికి ఇల్లు పోయినట్టే.

ఇప్పుడు అసలు మాట. జెల్లీ చేప కుడితే ఏం చేయాలి?

ఇసకతో రుద్దకండి. మంచినీళ్లతో కడగకండి. రుద్దినా, కడిగినా విషం ఇంకా ఎక్కుతుంది. సముద్రపు నీటితోనే కడగండి. అంటుకున్న దారాల్ని పుల్లతో తీయండి. తరవాత ఓర్చుకోగలిగిన వేడినీళ్లలో ఆ చోటు ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లు తూలినా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే ఆసుపత్రికి వెళ్లండి. ఒడ్డున చచ్చిపడున్నది కూడా కుడుతుంది. పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

ఇంకొక్క మాట. సముద్రపు తాబేళ్లు జెల్లీ చేపల్ని తింటాయి. నీటిలో తేలే ప్లాస్టిక్ సంచి వాటికి జెల్లీ చేపలాగే కనబడుతుంది. మింగితే చచ్చిపోవచ్చు. తాబేళ్లు పోతే వాటిని తినేవారెవరు? అందుకే సంచుల్ని సముద్రంలో వేయొద్దు.

ఇది చదవడం రాని మీ పక్కింటివారికి కూడా చదివి వినిపించండి.