కుజుడి మీద కాపురం చేయగలమా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జ్ఞాపకాలు చెప్పడానికి ఇవాళ చాలామంది ఉన్నారు కాబట్టి నన్ను సైన్సు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అంశం నేను ఎంచుకున్నది కాదు. తొమ్మిదో తరగతి పిల్లలు చీటీల మీద ప్రశ్నలు రాసి పంపారు. ఎక్కువ చీటీల్లో ఒకటే ప్రశ్న: అంగారకుడి మీద మనుషులు బతకగలరా? ఒక అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి, "భూమి పాడైపోతే అక్కడికి వెళ్లిపోవచ్చా సార్?" అని రాసింది. ముఖ్యంగా ఆ అమ్మాయికి జవాబు చెబుదామని వచ్చాను.

కుజ దోషం ఉందని సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు మనందరికీ తెలుసు. ఆ కుజుడే ఈ అంగారకుడు. దూరం నుంచి చూస్తే దగ్గరి చుట్టంలాగే కనిపిస్తాడు. అక్కడ రోజు మన రోజుకన్నా 40 నిమిషాలే ఎక్కువ. ధ్రువాల దగ్గర మంచు ఉంది. 687 రోజుల ఏడాదిలో ఋతువులూ ఉన్నాయి. ఇంత చదివాక నాలుగు మొక్కలు నాటుకుంటే చాలనిపిస్తుంది.

చిక్కంతా గాలితోనే. అక్కడి గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో నూరో వంతు కూడా ఉండదు. ఒత్తిడి తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ఎత్తయిన కొండల మీద పప్పు ఉడకక ఇబ్బంది పడేది, కుక్కరులో పెడితే ఇట్టే ఉడికేది అందుకే. అంగారకుడి మీద నాలుక మీది తడి మరగడానికి మన ఒంటి వేడే చాలు. 1966లో హ్యూస్టన్‌లో జిమ్ లెబ్లాంక్ అనే నాసా టెక్నీషియన్ స్పేస్ సూట్ వేసుకుని గాలి తీసేసిన గదిలో ఉండగా సూట్ గొట్టం ఊడిపోయింది. దాదాపు 14 సెకన్లలో స్పృహ తప్పాడు. గదిలోకి గాలి వదిలారు కాబట్టి బతికాడు. నాలుక మీద ఉమ్మి బుడగలెత్తడమే తనకు చివరగా గుర్తుందని తర్వాత చెప్పాడు. అంగారకుడి మీద సూట్ చిరిగినా దాదాపు ఇంతే. గాలి వదిలే వాళ్లు మాత్రం ఉండరు.

ఉన్న కాస్త గాలిలోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే. దాన్ని విడగొట్టి ఆక్సిజన్ తీయడానికి నాసా వాళ్లు మాక్సీ అనే పెట్టెను పర్సివరెన్స్ రోవర్‌లో పంపారు. 2021 ఏప్రిల్ 20న అది తొలిసారి 5 గ్రాముల పైచిలుకు ఆక్సిజన్ తీసింది. వేరే గ్రహం మీద మనిషి తయారుచేసిన మొదటి ఆక్సిజన్ అదే.

ఆ రోజులు మీకు వేరే కారణంతో గుర్తుండాలి. అదే వారంలో విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్రకు వెళ్లాయి. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు ఆగిపోయి, "సిలిండర్ ఎక్కడైనా ఉందా" అన్న మెసేజీలే మిగిలాయి. ఒకడి కోసం మూడు ఊళ్లు గాలించి సిలిండర్లు తెచ్చాం. వాడు ఇవాళ ఇక్కడే ఉన్నాడు. ఇంకొకడికి దొరికిన సిలిండర్ గంటన్నర ఆలస్యంగా చేరింది. మా వరుసలో అతని కుర్చీలో వాళ్లమ్మాయి కూర్చుంది.

మాక్సీ 2023 దాకా 16 సార్లు నడిచి మొత్తం 122 గ్రాములు తీసింది. ఒక మనిషికి రోజుకు 840 గ్రాములదాకా కావాలి. అంటే అది మూడున్నర గంటల ఊపిరి. నేనేమీ దాన్ని తీసిపారేయడం లేదు. అది నమూనా మాత్రమే, చక్కగా పనిచేసింది, ఇంకా పెద్దది కట్టొచ్చు. ఆ పెద్దది ఆగిపోయిన రోజున ఏమిటన్నదే నా ప్రశ్న.

1991లో అరిజోనా ఎడారిలో 8 మంది మూడెకరాల గాజుమేడలో తలుపులు బిగించుకుని రెండేళ్లు కాపురం పెట్టారు. దాని పేరు బయోస్ఫియర్ 2. లోపలే పొలం, చిన్న అడవి, బుల్లి సముద్రం. మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయని మనం చిన్న తరగతుల్లోనే చదివాం, వాళ్లూ అదే నమ్మారు. అయినా 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 16 నెలల్లో 14 శాతం చిల్లరకు దిగిపోయింది. బలమైన మట్టి వేశారు. అందులోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తినేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కల కంటే ముందు కట్టడంలోని కాంక్రీటు పీల్చుకుంది. కాంక్రీటు దొంగతనం చేస్తుందని ఎవరనుకుంటారు? చివరికి బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించారు.

అరిజోనా కాబట్టి అది కుదిరింది. అంగారకుడికి బయలుదేరడానికి అదను 26 నెలలకోసారి వస్తుంది. 2013 నవంబరు 5న శ్రీహరికోటలో లేచిన మన మంగళయాన్ చేరేసరికి పది నెలలు దాటింది. "దొరికింది, పంపిస్తున్నాం" అన్న మెసేజ్ చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది.

మిగతావి తొందరగా చెబుతాను. భూమ్మీద ప్రకృతి నుంచి ఏడాదంతా సగటున తగిలే రేడియేషన్ అక్కడ నాలుగు రోజుల్లోనే తగులుతుంది. మట్టి కింద ఇల్లు కట్టుకోవాలి. ఆ మట్టిలో పెర్క్లోరేట్లనే విష లవణాలున్నాయి, కడిగి వాడాలి. ఇవన్నీ ఇంజనీర్ల పనులు, చేస్తారు. గురుత్వాకర్షణ సంగతి వేరు. అక్కడ మన దాంట్లో 38 శాతమే. భూమిని వదిలి ఇంకో నేల మీద మనిషి ఎక్కువలో ఎక్కువ ఉన్నది 1972లో, చంద్రుడి మీద, మూడు రోజుల పైచిలుకు. అంతే మన అనుభవం. అక్కడ కడుపు నిలుస్తుందా, బిడ్డ ఎముకలు గట్టిపడతాయా అన్నది ఇంతవరకు ఎవరూ చూసింది లేదు. పిల్లలు పుట్టి పెరగనిదాన్ని మజిలీ అనాలి గానీ కాపురం అనకూడదు.

కాబట్టి అమ్మా, కొద్దిమంది కొంతకాలం అక్కడ బతకగలరు. నీ కాలంలోనే జరగొచ్చు. నీకు వెళ్లాలనుంటే వెళ్లు, తిరుగు టికెట్టు ఉందో లేదో చూసుకో. భూమి పాడైతే తలదాచుకునే చోటు మాత్రం కాదది. అక్కడ ఒక్కరు ఊపిరి తీయాలంటే ఇక్కడ ఫ్యాక్టరీలు, రైళ్లు, వేలమంది మనుషులు బాగుండాలి.

కమిటీ వాళ్లకు ఒక విన్నపం. మన ఫిజిక్స్ ల్యాబ్‌లో గాజు బెల్ జార్ ఉంది, వాక్యూమ్ పంపు లేదు. మా బ్యాచ్ తరఫున అది కొనిస్తాం. జార్ కింద గ్లాసుతో నీళ్లు పెట్టి గాలి లాగేస్తే పొయ్యి లేకుండానే మరుగుతాయి. అప్పుడు పంపు ఆపి, తొమ్మిదో తరగతి పిల్లలందరి చేతా ఆ గ్లాసు ముట్టించండి. చల్లగానే ఉంటుంది.