పిల్లల కాళ్లూ చేతులూ: మన సొసైటీ చేయగలిగిన పని
(బలిఘట్టంలో సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఉపన్యాసాలు చెప్పేవాణ్ని కాను. పిల్లలకి ఫిజియోథెరపీ చేయడం నా పని. సెక్రటరీగారు పదిహేను నిమిషాలు ఇచ్చారు. ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. పేరు, ఊరు అడగకండి.

వాడికి పది నెలలప్పుడు ఏది అందించినా ఎడం చేత్తోనే పుచ్చుకునేవాడు. బిస్కెట్టు కూడా ఎడం చేత్తోనే. వాళ్ల దాదీ 'సీదా హాత్ సే బేటా' అని ఆ చేతిని మెల్లగా చరిచేది. మన ఇళ్లలో ఎవరైనా అదే చేస్తారు. మూడేళ్లు నిండాక నా దగ్గరికి తెచ్చారు. కుడిచేతి బొటనవేలు పిడికిట్లో దాక్కుని ఉంది, మోచెయ్యి మడుచుకుంది. నడిస్తే కుడి మడమ నేలకి ఆనడం లేదు.

ఏడాది లోపు పిల్లలు రెండు చేతులూ ఇంచుమించు సమానంగా వాడతారు. అంతకుముందే ఒక చెయ్యినే వాడుతుంటే అది అలవాటు కాకపోవచ్చు, రెండో చేతిలో బలం లేకపోవచ్చు. వీడికి పుట్టుక సమయంలో మెదడు ఎడమ భాగం దెబ్బతింది, అందువల్ల కుడిపక్క బిగిసింది. దీన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు. దాదీది తప్పు కాదు. ఆమెకి ఈ మాట చెప్పినవాళ్లు లేరు.

మెదడుకి తగిలిన దెబ్బ పెరగదు. కానీ బిడ్డ పెరుగుతాడు. ఎముక పొడుగవుతుంటే బిగిసిన కండరం దానితో సాగలేక కీలుని లాగి పట్టేస్తుంది. చిన్నప్పుడు చేత్తో సాగదీస్తే వచ్చే మడమ, ఆలస్యమైతే ఆపరేషన్ దాకా పోవచ్చు. అందుకే తల్లులు కొన్ని గుర్తులు చూసుకోవాలి. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోతే, తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోతే, పద్దెనిమిది నెలలకీ నడవకపోతే డాక్టరుకి చూపించాలి. 'వాళ్ల అబ్బా కూడా ఆలస్యంగానే నడిచాడు' అన్న మాట ఎన్ని ఇళ్లలో విన్నానో. నిజమే కావచ్చు, అయినా చూపించడంలో పోయేదేముంది? పాదం లోపలికి తిరిగి పుట్టిన బిడ్డనైతే మొదటి వారాల్లోనే తీసుకెళ్లండి. వారం వారం పిండికట్లు మారుస్తూ చాలామందికి సరిచేయగలుగుతున్నారు. ఆ తర్వాత రాత్రిపూట వేసే బూట్లు నాలుగేళ్ల వయసు దాకా మానకూడదు. అక్కడే ఎక్కువమంది మానేస్తున్నారు.

ఇక ఆ పిల్లవాడి సంగతి. కాలు సాగదీయడం, నిలబెట్టడం, నడక నేర్పడం ఫిజియోథెరపీ. ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఉద్యోగం చూపించడం అనుకుంటారు కొందరు. పిల్లవాడికి పని అంటే తినడం, బొత్తాం పెట్టుకోవడం, ఆడుకోవడం, పలక పట్టడం. వాటికి చేతిని సిద్ధం చేయడమే అది. 'వీడు ముందు ఏం నేర్చుకోవాలమ్మా?' అని వాళ్ల అమ్మీని అడిగాను. నడక అంటుందనుకున్నాను. 'వుజూ తనే చేసుకోవాలి' అంది.

ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ ఒక్క పనినీ ముక్కలు చేసింది. జారిపోయే గుండ్రటి లోటా బదులు పిడి ఉన్న మగ్గు. బరువు తగ్గించి సగం నీళ్లు. కుళాయికి తిప్పే తల తీసేసి, మోచేత్తో తోసే పొడుగు పిడి. ఇంట్లో దాదీ చపాతీ పిండి ముద్ద వాడి కుడిచేతిలో పెట్టి నొక్కించేది. బియ్యంలో పల్లీలు దాచి ఆ చేత్తోనే ఏరించేది. మంచి చేతికి కొంతసేపు తొడుగు వేసి బలహీనమైన చేత్తో ఆడించడం కూడా ఒక పద్ధతే. కానీ అది థెరపిస్టు చెప్పినన్ని నిమిషాలే, సొంతంగా మొదలుపెట్టవద్దు. నూనె రాసి బిగిసిన కాలుని బలంగా లాగడం అసలు వద్దు.

నేను వారానికి ఒక గంట చూస్తాను. మిగతా రోజులు వాడికి దాదీయే థెరపిస్టు.

ఇప్పుడు కొంచెం కఠినంగా మాట్లాడతాను, మాఫ్ చేయండి. మనలాంటి సంస్థలు ఏటా ఒకరోజు వీల్‌చైర్లు పంచి ఫొటో దిగుతాయి. ఒకచోట ఆరేళ్ల పాపని పెద్దవాళ్ల కుర్చీలో కూర్చోబెట్టారు. పాప ఒక పక్కకి ఒరిగిపోయింది, కాళ్లు గాల్లో వేలాడాయి. కొలత లేని కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చుంటే వెన్ను వంకరపోతుంది. పాతకాలంలో పోలియో పిల్లలకి కూడా కాలిపర్లు ఇచ్చి, కాలు పెరిగాక మార్చకుండా వదిలేసేవారు. దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలోది. దానితో ఈ పని తీరిపోయిందని అందరూ అనుకున్నారు, తీరలేదు.

మరి డబ్బు దేనికి ఖర్చుపెట్టాలి? నా మటుకు నేను ఆటో ఛార్జీకి అంటాను. నవ్వకండి. నర్సీపట్నం దాకా బిడ్డని ఎత్తుకుని వెళ్లాలంటే తల్లి ఆ రోజు కూలి మానుకోవాలి. విశాఖ కేజీహెచ్ అంటే రోజంతా పోతుంది. నాలుగు వారాలు వచ్చి ఐదో వారం రాకపోతే బద్ధకం అనుకుంటాం. అది చేతిలో డబ్బు లేకపోవడం. దానికి జకాత్ వాడవచ్చా, సదఖా వాడాలా అన్నది ఇమాం సాహెబ్‌గారు చెప్పాలి.

సర్కారు ఇచ్చేవి కూడా ఉన్నాయి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షిస్తున్నారు. భవిత కేంద్రాల్లో ప్రత్యేక టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకి నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. యూడీఐడీ కార్డుకి, వీటికీ కాగితాలు నింపడం రాక ఆగిపోతున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. మన కుర్రాళ్లలో కంప్యూటర్ వచ్చినవాళ్లు ఇద్దరు నెలకి ఒక ఆదివారం మదరసాలో కూర్చుంటే చాలు.

ఆ పిల్లవాడు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. కుడిచెయ్యి మామూలు చెయ్యి కాలేదు, కాదు కూడా. మగ్గు ఎడం చేత్తో ఎత్తుతాడు, కుడి అరచెయ్యి చాపి నీళ్లు పట్టుకుంటాడు. బొటనవేలు బయటికి వచ్చింది.

భోజనాల తర్వాత అసర్ దాకా నేను వరండాలోనే ఉంటాను. బిడ్డ విషయంలో అనుమానం ఉన్నవాళ్లు తీసుకురండి. పాత ఆసుపత్రి చీటీలు ఉంటే అవీ తెండి, చిరిగినా ఫర్వాలేదు.