నాలుగు చక్రాల సున్నా

పట్టాలు అందుకున్న మీకందరికీ అభినందనలు.

మీలో రోబోల పోటీ రోబోకాన్ జట్టువాళ్లున్నారని తెలిసి, రాసుకొచ్చిన ప్రసంగం మడిచి జేబులో పెట్టేశాను. ఒక్కో చక్రమూ విడిగా దిశ మార్చుకునే స్వర్వ్ డ్రైవ్ గురించే మాట్లాడతాను. సివిల్ వాళ్లు కాసేపు ఓర్చుకోవాలి.

2025 ఏబీయూ రోబోకాన్‌లో ఆట బాస్కెట్‌బాల్, వేదిక ఉలాన్‌బాతర్. బుట్ట వైపు తిరిగి ఉంటూనే రోబో బండి పక్కకు జరగగలగాలి. అంచున వాలుగా రోలర్లుండే మెకానమ్ చక్రాలతోనూ జరుగుతుంది గానీ, వాటి రోలర్లకు పట్టు తక్కువ. ఎవరైనా తోస్తే జారిపోతాయి. స్వర్వ్‌లో ఒక్కో చక్రానికి రెండు మోటార్లు: దొర్లించడానికొకటి, దిశ మార్చడానికొకటి. లెక్క ఏమంత కష్టం కాదు. బండి మొత్తం కదిలే వేగానికి, అది తన చుట్టూ తాను తిరగడం వల్ల చక్రమున్న మూలకు వచ్చే వేగాన్ని దిశతో సహా కలిపితే చాలు. చక్రం 170 డిగ్రీలు తిరగాల్సి వస్తే అంతా తిరగదు. ఎదురువైపు 10 డిగ్రీలు తిరిగి వెనక్కి దొర్లుతుంది. ఈ కిటుకు అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా జట్టును ముంచింది లెక్క కాదు, సున్నా. మా తొలి బండికి కోణం కొలిచే ఎన్‌కోడర్లు మోటారు వెనక ఉండేవి. స్విచ్ వేసినప్పుడు చక్రం ఎటుంటే అదే సున్నా, అంటే తిన్నన అనుకునేవి. అందుకని ప్రతిసారీ స్టీలు స్కేలు ఆనించి నాలుగు చక్రాలూ సర్దేవాళ్లం. పోటీ రోజు హడావుడిలో మూడే సర్దాం. బండి గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది.

తర్వాత ఏఎస్ 5600 చిప్పులు కొన్నాం. చక్రం దిశ మార్చే ఇరుసు చివర చిన్న అయస్కాంతం అతికిస్తే, చుట్టును 4096 భాగాలు చేసి ఎటు చూస్తోందో చెబుతుంది. కరెంటు పోయి వచ్చినా మరిచిపోదు. నాలుగు చిప్పులకూ చిరునామా ఒక్కటే, పిలిస్తే అన్నీ పలుకుతాయి. ఒక్కో చిప్పును విడిగా పిలిచే మల్టీప్లెక్సర్ మధ్యలో పెట్టేదాకా అదో గోల. పైగా ఏ రెండు అయస్కాంతాలూ ఒకే కోణంలో అతుక్కోవు. చిప్పు చెప్పే సున్నాకూ చక్రం తిన్నగా ఉండే దిశకూ మధ్య, చక్రానికొక తేడా చొప్పున నాలుగు అంకెలు ఎక్కడో ఒకచోట దాచుకోవాలి.

మీ బండి అంకెలు బహుశా మీలో ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉంటాయి. ఆ ల్యాప్‌టాప్ ఈ సాయంత్రం బస్సెక్కేస్తుంది. హాస్టల్ గది తాళం అప్పగించే ముందు ఒక్కసారి వర్క్‌షాప్‌కు వెళ్లి, ఆ నాలుగు అంకెలూ ఛాసిస్ మీద మార్కర్‌తో రాసి రండి.