అప్పు వేరు, ఆసరా వేరు
(మండల సమాఖ్య మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈ రోజు ఒక దూరదేశం సంగతి మీ ముందు పెడుతున్నాం. యూరప్‌లో బోస్నియా అని చిన్న దేశం ఉంది. ఒకప్పుడు అది యుగోస్లావియాలో భాగం, సోషలిస్టు పాలన. అక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉందంటే జీతంతో పాటు వైద్యం, ప్రసూతి సెలవు, ముసలితనంలో పింఛను కూడా ఉన్నట్టే.

1992 నుంచి 1995 వరకు యుద్ధం జరిగింది. సుమారు లక్ష మంది చనిపోయారు. దాదాపు 20 లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి పోయారు. స్రెబ్రెనిత్సా అనే ఊరి దగ్గర 1995 జూలైలో 8 వేల మందికి పైగా మగవాళ్ళను, మగపిల్లలను చంపేశారు. ఆ ఇళ్ళ బరువంతా ఆడవాళ్ళ మీద పడింది.

యుద్ధం ఆగింది గానీ చాలా ఫ్యాక్టరీలు మళ్ళీ నడవలేదు. ఉద్యోగంతో పాటే భద్రతా పోయింది. శాంతి ఒప్పందం తర్వాత దేశం ప్రధానంగా రెండు భాగాలైంది. అందులో ఒక భాగంలో మళ్ళీ 10 కాంటన్లు, అంటే మన జిల్లాల్లాంటివి. కాన్పు భత్యం ఒక కాంటన్‌లో ఒకలా, పక్క కాంటన్‌లో ఇంకోలా ఉండేది. సర్కారు సాయంలో పెద్ద వాటా మాజీ సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు వెళ్ళింది. తుపాకీ పట్టని పేదరాలికి దక్కింది తక్కువ. యుద్ధంలో అత్యాచారానికి గురైన ఆడవాళ్ళను ఒక భాగంలో చట్టం ప్రత్యేకంగా గుర్తించి నెలనెలా సాయం ఇవ్వడానికి 2006 దాకా పట్టింది.

ఆ ఖాళీలోకి చిన్న అప్పులు వచ్చాయి. మొదట మేలే జరిగింది. తర్వాత సంస్థలు పోటీపడి ఇచ్చాయి. ఒక్కొక్కరికి రెండు మూడు అప్పులు, ఒకరికొకరు జామీను. 2008లో ప్రపంచమంతా మాంద్యం వచ్చేసరికి వాయిదాలు ఆగాయి. జామీను ఉన్నవాళ్ళ మెడకూ చుట్టుకుంది.

ఇది మనకు తెలియనిదా? 2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో వారం వారం వాయిదాలతో ఎందరు నలిగిపోయారో చూశాం. చివరికి ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఇళ్ళ మీదికి పోవద్దు, పంచాయతీ ఆఫీసులాంటి చోటే వసూలు చేసుకోండి అని మైక్రోఫైనాన్స్ సంస్థలకు చెప్పింది.

అక్కలారా, అప్పు చేసి గేదెను కొంటే పాలు అమ్మి వాయిదా కడతాం. జబ్బుకి, కాన్పుకి, బియ్యానికి అప్పు చేస్తే ఏం అమ్మి కడతాం? వాటికి ఆసరా కావాలి. అది ప్రభుత్వం ఇవ్వాల్సింది, మనం అడగాల్సింది.

అందుకే మా గ్రామ సంఘం ఒక తీర్మానం అడుగుతోంది. ఇంటి ఖర్చుకి అప్పు కావాలని ఎవరు వచ్చినా ముందు మూడు మాటలు అడుగుదాం. రావాల్సిన పింఛను వస్తోందా? రేషన్ కార్డు ఉందా? ఈ జబ్బుకి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? లేదంటే వీఓ లెటర్‌హెడ్ మీద అర్జీ రాసి, ఇద్దరం తోడు వెళదాం. అర్జీ తేలేదాకా ఆకలి ఆగదు కాబట్టి, మన పొదుపులోంచి చేతనైనంత సర్దుదాం. కానీ అప్పు దొరికింది కదా అని అర్జీ మాత్రం వదలొద్దు.